శివారు మడికి నీరు తేవడం: ఆటలో పావుగంట పాఠం ఎలా తయారుచేసుకోవాలి

మాది టెక్కలి దాటాక వచ్చే ఊరు. వంశధార ఎడమ కాలువకి శివారు. మా నాన్న ఆ కాలువ మీదే లస్కరుగా, అంటే కాలువనీ నీటినీ కనిపెట్టుకుని ఉండే మనిషిగా, పనిచేసి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సాయంత్రం బడి అయ్యాక మా అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు చేరతారు. ట్యూషన్ అనుకుని పంపిస్తారు వాళ్ళ అమ్మలు. కొంత ట్యూషనే, మిగతాది ఆట, కంప్యూటర్లో గళ్ళతో ఊళ్ళూ కాలువలూ కట్టే ఆట.

ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్తాను. మా పిల్లలు వడ్డీ లెక్క ఇస్తే చేసేస్తారు. అదే లెక్కని కాస్త తిప్పి, వడ్డీ ఇంత అని చెప్పి అసలు ఎంతో కనుక్కోమంటే పెన్ను కింద పెట్టి, "ఏ సూత్రం మేడమ్?" అంటారు. సూత్రం చెబితే మళ్ళీ చకచకా చేసేస్తారు. అంటే లెక్క రాక కాదు. దారి కనబడనప్పుడు ఏం చెయ్యాలో తెలీదు. తడుముకుంటే తప్పు, తప్పు చేస్తే మార్కులు పోతాయి అన్నదే వాళ్ళకి తెలిసింది. ఆటలో మాత్రం అదే పిల్లాడు ఒకే చోట ఇరవైసార్లు ఓడిపోయి ఇరవై ఒకటోసారి నవ్వుతూ మొదలుపెడతాడు. ఆ ఓపికని లెక్కల పుస్తకం దాకా తీసుకురావచ్చా అని రెండేళ్ళ కిందట మొదలుపెట్టాను. మీ ఇంట్లోనో బడిలోనో చెయ్యాలనుకుంటే, నాకు కుదిరిన పద్ధతి ఇది.

మొదటి రోజు నేను చేసిన తప్పు

పిల్లల్ని ఆటలోకి వదిలేసి, "మన ఊరు కట్టండి" అన్నాను. ముప్పావు గంట టైమిచ్చాను. ఒకడు సిరిమాను కడతానని ఆకాశం దాకా మాను లేపాడు. ఇద్దరు అమ్మాయిలు ఇల్లు కట్టి, తలుపు తూర్పుకా ఉత్తరానికా అని పోట్లాడుకున్నారు. ఇంకొకడికి లావా బకెట్టు దొరికింది. ఆ ఇల్లు తగలబడింది. అందరూ మహా సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు. మర్నాడు స్టాఫ్ రూములో ఒకాయన "ఏం నేర్చుకున్నారు మేడమ్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఒక పాఠానికి ఒకే ముడి అని పెట్టుకున్నాను. ఆ ముడి విప్పడానికి పది నిమిషాలు పట్టాలి. ముందు రెండు మూడు నిమిషాలు కథ, తర్వాత పది నిమిషాలు చేతిపని, ఆ తర్వాత మాటలు. మొత్తం కలిపి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు. చిన్న పాఠం అంటే సులువైన పాఠం అనుకోకండి. ముడి గట్టిగానే ఉండాలి, ఒక్కటే ఉండాలి.

ఏ ఆట, ఎలా పెట్టుకోవాలి

మైన్‌క్రాఫ్ట్ పేరు మీరు వినే ఉంటారు. గళ్ళు గళ్ళుగా ఉండే లోకం, మట్టి తవ్వొచ్చు, గోడ కట్టొచ్చు, నీరు పొయ్యొచ్చు. బడులకోసం దానికో ప్రత్యేకమైన రకం కూడా ఉంది, కానీ డబ్బు కట్టాలి. నేను వాడేది లువాంటి. 2024 అక్టోబరు దాకా దాని పేరు మైన్‌టెస్ట్. ఫిన్లాండ్ మనిషి ఒకాయన 2010లో మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో లువోంటి అంటే సృష్టి, ఆ మాటతో కాస్త ఆడుకుని ఈ పేరు పెట్టారు. పూర్తిగా ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. ఒకసారి దింపుకున్నాక నెట్ అక్కర్లేదు. వానాకాలంలో మా ఊళ్ళో సిగ్నల్ సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. లువాంటి ఖాళీ విస్తరి లాంటిది. దింపగానే లోపల ఏమీ ఉండదు. అందులోనే కంటెంట్ అనే చోటికి వెళ్ళి ఆటని వేరుగా వడ్డించుకోవాలి. పాత మెషీన్లయితే మైన్‌టెస్ట్ గేమ్ అన్నది తేలిగ్గా నడుస్తుంది. కొత్త లోకం తయారుచేసేటప్పుడు నేల రకం దగ్గర ఫ్లాట్ అని ఎంచుకోండి. కొండలూ అడవులూ ఉంటే పిల్లలు పాఠం వదిలేసి అటు పోతారు.

తర్వాత రెండు టిక్కుల సంగతి. డ్యామేజ్ అన్న టిక్కు తీసెయ్యండి, చావులుండవు. క్రియేటివ్ అన్న టిక్కు కూడా తీసెయ్యండి. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. క్రియేటివ్ ఉంటే ప్రతి పిల్లాడి చేతిలో అన్ని వస్తువులూ లెక్కలేనన్ని ఉంటాయి. అన్నీ ఉన్నవాడికి ఆలోచించే అవసరమేముంది? అది తీసేసి, పాఠం మొదలయ్యే చోట ఒక పెట్టె పెట్టి, అందులో మీరు ఇవ్వదలచుకున్నవి మాత్రమే పెట్టండి. ఒక పార, ఒక నీళ్ళ బకెట్టు, అంతే.

అందరూ ఒకే లోకంలోకి రావాలంటే ఒక ల్యాప్‌టాప్‌లో హోస్ట్ సర్వర్ అన్న టిక్కు పెట్టి ఆట మొదలుపెట్టాలి. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి అన్నిటినీ దానికే కలపాలి. మిగతావాళ్ళు జాయిన్ గేమ్‌లో ఆ ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్సూ (అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా), పోర్ట్ దగ్గర 30000 అన్న అంకెనూ కొట్టాలి. కలవకపోతే నూటికి తొంభైసార్లు ల్యాప్‌టాప్‌లో బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా, అదే ఫైర్‌వాల్, అడ్డు పడినట్టే. మొదటిసారి నాకు ఈ సంగతి తెలీక గంటసేపు కేబుళ్ళు పీకి పెట్టాను, అసలు కేబుళ్ళతో పనే లేదు. అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండేలా చూసుకోండి. జాయిన్ గేమ్‌లో బయటివాళ్ళ సర్వర్ల జాబితా కూడా కనిపిస్తుంది. పిల్లలు వాటిలోకి వెళ్ళకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి. చాట్‌లో అవతల ఎవరుంటారో మనకి తెలీదు.

కాలువ పాఠం

నేను తయారుచేసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. అన్నీ చెప్పేకంటే దీన్ని దగ్గర నుంచి చూపిస్తాను.

చదును నేల. ఒక కొసన తూము, అంటే నాలుగు రాతి గళ్ళ మధ్య ఖాళీ. అక్కణ్ణుంచి ఇరవై అయిదు గళ్ళ దూరంలో ఎర్ర గడితో గుర్తు పెట్టిన మడి. ఆ మడి నేలకంటే నాలుగు గళ్ళు పల్లంలో ఉంది. పెట్టెలో పార ఒకటి, నీళ్ళ బకెట్టు ఒకటి. కథ చిన్నదే: "ఇది శివారు మడి. నాట్లు పడాలి. తూము దగ్గర ఒక్క బకెట్టు పొయ్యండి, నీరు మడి దాకా రావాలి."

అందరూ ఒకటే పని చేశారు. ఒక గడి లోతున తిన్నగా కాలువ తవ్వుకుపోయి, మడి అంచున ఒక్కసారి కిందికి దింపి, వెనక్కి వచ్చి నీరు పోశారు. నీరు గబగబా పరిగెత్తి కొంత దూరం పోయి ఆగిపోయింది. "మేడమ్, నీరు ఆగిపోనాది!"

ఇక్కడే నేను నోరు మూసుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన పని అదే. ఇరవై ఏళ్ళుగా చెప్పడం అలవాటైన నోరు. అందుకే మూడు ప్రశ్నలు అట్టముక్క మీద రాసి పెట్టుకున్నాను. పిల్లలు నా వైపు చూసినప్పుడు వాటిలో ఒకటి మాత్రమే అడుగుతాను. ఎక్కడ ఆగింది? ప్రతిసారీ అక్కడే ఆగుతోందా? ఆగకుండా ఎక్కడైనా వెళ్ళిందా?

రెండో ప్రశ్నకి పిల్లలు గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చదును నేల మీద నీరు ఏడెనిమిది గళ్ళు వెళ్ళాక ఆగుతుంది. ఖచ్చితంగా ఎన్నో నేనిక్కడ చెప్పను, మీ పిల్లల చేత లెక్కపెట్టించండి. అంకె వాళ్ళే కనుక్కుంటే దాన్ని వాళ్ళు మర్చిపోరు. ఒకడు బకెట్టు తీసి కాలువ మధ్యలో పోశాడు, నీరు ముందుకి పోయింది. తూము దగ్గరే పొయ్యాలి కదా అని మిగతావాళ్ళు గొడవ చేశారు. అది మంచి గొడవ.

అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకర్తి, పారని ఎక్కువసేపు నొక్కి పట్టుకోవడం వల్ల, కాలువ మధ్య నుంచి ఒక గడి లోతు ఎక్కువ తవ్వుకుంటూ పోయింది. తన కాలువలో నీరు ఆ మెట్టు దిగి, మళ్ళీ కొత్తగా బయల్దేరినట్టు అంత దూరమూ పోయింది. అందరూ అటు మూగారు. పక్కవాడు చూసి, "ఓస్ ఇంతేనా" అని తన కాలువలో ఒక్క గొయ్యి తవ్వాడు. గొయ్యి తర్వాత నేల మళ్ళీ పాత ఎత్తే. నీరు గొయ్యిలో పడి అక్కడే ఉండిపోయింది. నాకు ఆ గొయ్యి బంగారం. ఎందుకంటే చూసి కాపీ కొట్టినా పని అవ్వలేదు. ఎందుకు అవ్వలేదో అర్థం చేసుకుంటేనే ముందుకి వెళ్ళాలి. వాడు గొయ్యి కేసి చూసి, "ఎక్కలేకపోతంది మేడమ్" అన్నాడు. పావుగంటలో అంతకంటే నాకేం కావాలి?

మెట్లు తవ్వాక అందరికీ నీరు అందింది. అప్పుడు నియమం బిగించాను. మడి నాలుగు గళ్ళే పల్లం, అంతకంటే లోతుగా తవ్వకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని మెట్లు చాలు? మడి నలభై గళ్ళ దూరంలో, ఇంకా పల్లంలో ఉంటే? ఇప్పుడిది భాగహారం. శేషం మిగిలితే ఇంకో మెట్టు కావాలా వద్దా అన్నది వాళ్ళు చేత్తో పట్టుకుని చూసిన లెక్క.

ఆట ఎక్కడ అబద్ధం చెబుతోందో అడగండి

ఈ భాగం మా నాన్న వల్ల వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని చూస్తూ, "ఏటమ్మా, నీరు గొయ్యిలో పడి అలా ఉండిపోద్దేటి? గొయ్యి నిండితే పొర్లి ముందుకి పోదా?" అన్నారు. నిజమే. ఆట రాసినవాళ్ళు సులువుకోసం ఒక నియమం పెట్టుకున్నారు, అది నది నియమం కాదు. మెట్ల సంగతి ఇంకా తమాషా. మా ఆటలో నీరు ముందుకి సాగాలంటే మెట్టు కావాలి. అసలు కాలువ మీద డ్రాపులు, అంటే నీరు కిందికి దిగే మెట్లలాంటి కట్టడాలు, కట్టేది వేరే కారణానికి. నేల వాలు మరీ ఎక్కువైన చోట నీరు జోరందుకుని అడుగూ గట్టూ కోసుకుపోకుండా, ఆ ఎక్కువ వాలుని ఒకే చోట కట్టడం మీద దింపేస్తారు. నాన్న ఇది పిల్లలకి చెబుతుంటే నేను కూడా నోట్సు రాసుకున్నాను. అప్పటిదాకా నాకూ తెలీదు.

మర్నాడు పెరట్లో ఇటుకలు తిప్పి, మట్టిలో వేలెడు కాలువ తీసి, చెంబుతో నీరు పోయించాం. గొయ్యి నిండింది, పొర్లింది, ముందుకి పోయింది. ఒక పక్క గట్టు తెగి గండి పడింది. తాతకి నవ్వాగలేదు. మీరు కూడా ఏ పాఠం చేసినా ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: బయట ఇలాగే జరుగుతుందా? ఆటని నమ్మెయ్యకుండా ప్రశ్నించడం పిల్లలకి అలవాటు కావాలంటే దీన్ని మించిన అవకాశం రాదు.

నోట్‌బుక్ లేకపోతే ఆటే మిగులుతుంది

జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రవేత్త 1945లో సమస్య విప్పడానికి నాలుగు మెట్లు చెప్పారు. ప్రశ్నని అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, చేసి చూడు, వెనక్కి తిరిగి చూసుకో. మొదటి మూడూ ఆటలో వాటంతటవే జరుగుతాయి. నాలుగోది మాత్రం మనం కూర్చోబెడితే తప్ప జరగదు. నీరు అందగానే పిల్లాడికి ఇంకేదో కట్టాలనిపిస్తుంది.

అందుకే చేతిపని అవగానే స్క్రీన్లు మూసేసి మూడు గళ్ళ పట్టిక రాయిస్తాను. ఏమవుతుందనుకున్నాను, ఏమైంది, ఎందుకు. మొదటి గడి నీరు పొయ్యకముందే నింపాలి, దీనిలో రాజీ లేదు. తర్వాత రాయమంటే అందరూ అయినదే రాసి, నేను ముందే అనుకున్నానంటారు. గొయ్యి తవ్విన పిల్లాడి పుస్తకంలో ఇలా ఉంది: "నీరు మడిదాకా పోతాది. గోతిలో ఉండిపోయింది. గొయ్యి తర్వాత నేల ఎత్తుగా ఉంది." అక్షర దోషాలు నేను దిద్దలేదు. ఆ పూట దిద్దితే రేపు అంత ధైర్యంగా రాయడు.

ఇంకొకటి, ఆటలో తెలివైనవాడు లెక్కల్లో తనంతట తనే తెలివైనవాడైపోతాడని ఆశ పెట్టుకోకండి. నేను పెట్టుకుని దెబ్బతిన్నాను. నెల రోజులు కాలువలు తవ్వాక కూడా తిప్పి అడిగిన వడ్డీ లెక్క దగ్గర మళ్ళీ "ఏ సూత్రం?" అన్నారు. వంతెన మనమే వెయ్యాలి. ఇప్పుడు పుస్తకంలో లెక్క దగ్గర ఆగిపోతే, "కాలువ ఆగిపోయినప్పుడు ముందు ఏం చేశావ్?" అని అడుగుతాను. "ఎక్కడ ఆగిందో చూసాను." "మరి ఇక్కడ ఎక్కడ ఆగింది?" అలా పది పన్నెండుసార్లు అడిగాక కొందరు వాళ్ళంతట వాళ్ళే అడుక్కోవడం మొదలుపెట్టారు. అందరూ కాదు.

ఇంకొన్ని ముడులు

ధన, రుణ సంఖ్యలకి నిధి వేట బాగా పనికొస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్5 నొక్కితే మనం నిల్చున్న చోటు మూడు అంకెల్లో కనిపిస్తుంది. నేల కింద పెట్టె పాతి, అంకెలు మాత్రం చెప్పండి. మైనస్ పన్నెండు అంటే నుయ్యిలోకి దిగాలని ఆరో తరగతి పిల్లలకి ఒక్క పూటలో ఒంటికి పడుతుంది. జాగ్రత్త, ఆటలో మధ్య అంకె ఎత్తు. పాఠ్యపుస్తకం గ్రాఫులో వై అంటే కాగితం మీద పైకి, ఇక్కడ నిజంగానే పైకి. నేల మీద నడకకి ఎక్స్, జడ్. ఇది ముందే చెప్పకపోతే తొమ్మిదో తరగతి వాళ్ళు తికమక పడతారు.

పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటే పాత లెక్క మూడు రంగుల గళ్ళతో ఆడించొచ్చు. రెండు మీటలూ నొక్కితేనే తెరుచుకునే తలుపు పెద్ద పిల్లలకి బాగుంటుంది, దానికి మీసకాన్స్ అనే అదనపు ముక్క దింపుకోవాలి.

అసలు మెషీన్లే లేకపోతే? అరుగు మీద సుద్దతో ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ళు గియ్యండి. రెండు మూడు చెప్పులు అడ్డంగా పెట్టండి. ఒక పిల్ల రోబో. మిగతావాళ్ళు "రెండు అడుగులు ముందుకి, కుడికి తిరుగు" అని ఆజ్ఞలన్నీ ముందే కాగితం మీద రాయాలి. మధ్యలో దిద్దడానికి లేదు. రోబో చెప్పుల మీద కాలేసిందంటే ఏ లైన్లో తప్పుందో వెతకాలి. కాగితం చింపి మొత్తం మళ్ళీ రాయడానికి ఒప్పుకోకండి, ఒక్క లైనే మార్చాలి. కరెంటు పోయిన రోజున మేం ఆడేది ఇదే. పులిజూదం ఉంటే ఇంకా మంచిది, ఎత్తు వేసేముందు అవతలివాడి ఎత్తు ఏమిటో పైకి చెప్పించండి.

అమ్మానాన్నలతో

"గేములు ఆడిస్తన్నారేటి మేడమ్?" అని ఒకామె వాకిట్లోనే నిలదీసింది. తప్పేం లేదు, ఇంట్లో ఫోన్ లాక్కోలేక చస్తోంది పాపం. నేను వాదించలేదు. కూతురి నోట్‌బుక్ తెరిచి చేతికిచ్చి, ఆ కాలువ సంగతి అమ్మకి చెప్పవే అన్నాను. మెట్లు, గొయ్యి, గండి అన్నీ చెప్పింది. ఆమె రోజూ పొలానికి వెళ్ళే మనిషి. నీరు ఎత్తుకి ఎక్కదని నీకిప్పుడు తెలిసిందేటే అని నవ్వి వెళ్ళిపోయింది.

అయినా మన వైపు నుంచి కట్టుదిట్టం ఉండాలి. నేను ఫోన్‌లో అలారం పెడతాను. అది మోగాక "ఒక్క నిమిషం మేడమ్" అన్నా సరే, మూసెయ్యాల్సిందే. ఇద్దరికి ఒక స్క్రీన్ ఇస్తాను. ఒకరు చేత్తో, ఒకరు నోటితో, అయిదు నిమిషాలకి మార్పు. మెషీన్లు చాలక మొదలైన ఏర్పాటు ఇది, ఇప్పుడు చాలినా మార్చను. నోటితో చెప్పాల్సి వచ్చేసరికి ఆలోచన బయటికి వస్తుంది, పక్కనున్న నాకు వినపడుతుంది.

ఈ వారం ముడి నాన్న ఇచ్చారు. ఒకే తూము, కింద రెండు ఊళ్ళు. పై ఊరు నిండా తీసుకుంటే కింద ఊరికి చుక్క రాదు. షట్టరు ఒకటే, రోజుకి ఒక్కసారే తిప్పాలి. పెట్టెలో ఏం పెట్టాలో నాకింకా తేలలేదు. పిల్లలు మాత్రం అప్పుడే రెండు జట్లుగా విడిపోయి, ఏది పై ఊరో తేల్చుకునే పనిలో ఉన్నారు.